కొంగుచాటు నుండి గదిచాటు దాకా

తెలుగులో "చంటిబిడ్డ" అన్నంత సాధారణమైన మాట మరొకటి ఉండదేమో. బస్సులో సీటు అడిగేటప్పుడు, ఆసుపత్రి వరుసలో ముందుకు పంపమని వేడుకొనేటప్పుడు, పెండ్లి పందిట్లో గాలి తగిలే చోటు చూపేటప్పుడు "చంటిపిల్ల తల్లి" అని ఎవరైనా నిస్సంకోచంగా అంటారు. వ్యుత్పత్తి ఎరిగి అనేవారు మాత్రం అరుదు. కన్ను కంటి, మిన్ను మింటి, మన్ను మంటి అయినట్లే చన్ను చంటి అవుతుంది. ఇది ఔపవిభక్తిక రూపం. చన్ను కుడిచే బిడ్డ చంటిబిడ్డ. సంస్కృతంలో దీనికి సరితూగే మాట స్తనంధయుడు. అది సాధు రూపమని చెప్పడానికి పాణిని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. అమరసింహుడు శిశు పర్యాయాలలో దానిని చేర్చాడు. అంటే పసితనానికి మన పూర్వులు పెట్టిన పేరులోనే తల్లి చన్ను ఉన్నది. మాటకు లేని సిగ్గు మనిషికి ఎప్పుడు వచ్చింది అన్నదే ఈ వ్యాసంలో నేను విచారించదలచిన విషయం.

నలుగురి మధ్య బిడ్డకు పాలివ్వడం తప్పా, ఒప్పా అన్న వాదం ఇటీవలి కాలంలో న్యాయస్థానాల దాకా వెళ్ళింది. మా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఈ ప్రశ్నకు వెనుక ఒక చరిత్ర ఉంది. అది సిగ్గు చరిత్ర కన్న ఎక్కువగా శ్రమ చరిత్ర, కొంత దుస్తుల చరిత్ర.

ముందు సాహిత్యం సంగతి చూద్దాము. పోతన భాగవతం దశమస్కంధంలో యశోద బాలకృష్ణునికి పాలిచ్చే ఘట్టాలు ఒకటి కన్న ఎక్కువే ఉన్నాయి. పాలు త్రాగి ఆవులించిన బిడ్డ నోటిలో ఆమెకు విశ్వమంతా కనబడుతుంది. మరొకచోట పొయ్యిమీది పాలు పొంగుతున్నాయని, త్రాగుతున్న బిడ్డను దించి పరుగెడుతుంది. అలిగిన బిడ్డ కుండ పగులగొట్టగా, ఆ కథ రోటికి కట్టడం దాకా సాగుతుంది. పూతన కథలో విషం పూసిన చన్ను సైతం చివరకు మోక్షకారణమే అయింది. పాలకుర్తి వాడైన సోమనాథుడు బసవపురాణంలో బెజ్జమహాదేవి కథ చెప్పాడు. శివునికి తల్లి లేదే అని తల్లడిల్లి, ఆ జగత్పితను పసిబిడ్డగా భావించి లాలించిన ముగ్ధ ఆమె. ఈ కథలను గుళ్ళలో, చావళ్ళలో, ఆడవారూ మగవారూ కలిసి కూర్చున్న సభలలో పురాణకాలక్షేపంగా చెప్పేవారు. వినేవారిలో ఎవ్వరూ తల దించుకొనలేదు.

ఇది హిందువుల పురాణాలకే పరిమితం కాదు. మా జిల్లాలో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు అనేకం. ఇస్లాంలో తల్లి బిడ్డకు రెండేళ్ళు పాలివ్వడం గురించి ఖురాన్‌లోనే ఉన్నది. ఒకే తల్లి పాలు త్రాగిన వేరువేరు కుటుంబాల పిల్లలు అన్నాచెల్లెళ్ళే అవుతారు, వారికి వివాహం నిషిద్ధం. ప్రవక్త ముహమ్మద్‌ను పాలిచ్చి పెంచిన దాది హలీమాను ముస్లింలు గౌరవంతో తలచుకుంటారు. రక్తబంధంతో సమానంగా పాలబంధాన్ని లెక్కించిన ధర్మమది.

మరి ఈ సంకోచం ఎక్కడిది? కొంత మన కావ్యాల నుండే వచ్చిందని నా అభిప్రాయం. "పాలిండ్లు" అన్న మాటను చూడండి. పాలకు ఇండ్లు, అంటే పాలుండే చోట్లు. ఎంతటి మాతృభావన గల మాట! మన ప్రబంధకవులు దానిని నాయికా వర్ణనలకు వాడి వాడి, వినగానే శృంగారమే స్ఫురించేటట్లు చేశారు. ఆ తరువాత విక్టోరియా కాలపు నీతిదృష్టి వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి అశ్లీలాన్ని నేరం చేసింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటించిన ముద్దుపళని "రాధికాసాంత్వనము"ను మద్రాసు ప్రభుత్వం మరుసటి ఏట నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వకాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒకవైపు శృంగారం, మరొకవైపు నిషేధం. ఈ రెంటి నడుమ పాలిచ్చే తల్లి కనుమరుగైంది. చన్ను అంటే కోరదగినది లేదా దాచదగినది అయిందే గాని, బిడ్డ ఆకలి తీర్చేది అన్న సంగతి చదువుకున్నవారి ఊహలో వెనుకబడింది.

దీనిని నేను తరగతి గదిలో ప్రత్యక్షంగా చూచాను. పద్యంలో చన్ను అన్న మాట వస్తే వెనుక బెంచీలలో కిసకిసలు మొదలయ్యేవి. మందలించడం వల్ల లాభం లేదని, పాఠం ఆపి నల్లబల్లమీద "కన్ను – కంటి, చన్ను – చంటి" అని వ్రాసి, "మీ ఇంట్లో చంటిపిల్లలు ఎందరున్నారు?" అని అడిగేవాణ్ణి. చేతులు లేచేవి. తరువాత నవ్వులు ఉండేవి కావు. పల్లె నుండి వచ్చిన పిల్లలు అసలే నవ్వేవారు కారు. నవ్వినవారిలో ఎక్కువమంది పట్నం పిల్లలే. ఈ తేడా నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది.

పల్లె పిల్లలకు అది నిత్యం చూచే దృశ్యం. ఇరవయ్యవ శతాబ్దం నడుమ దాకా మా వైపు పల్లెలలో ముసలివారు, కూలి చేసుకొనే స్త్రీలు చాలామంది రైక తొడిగేవారు కారు. చీరె కొంగే వారికి పయ్యెద. ఆదిలాబాదు గోండు గూడేలలో 1940లలో ఏళ్ళ తరబడి పనిచేసిన హైమెన్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రాలలోనూ అదే వేషం కనబడుతుంది. బిడ్డ ఏడ్చినప్పుడు కొంగు తొలగించడం, కప్పడం క్షణాల పని. అరుగుమీద, బావిగట్టున, అంగడిలో, జాతరలో ఎక్కడైనా సరే. కొంగు కప్పేవారు, అయితే ఎందుకు కప్పేవారో గమనించాలి. "కొంగు గప్పు బిడ్డా, దిష్టి తగుల్తది" అని పెద్దవారు అనేవారు. ఇతరుల చూపు పాలకు, బిడ్డకు తగలరాదన్న భయమది. తల్లి ఏదో తప్పు చేస్తున్నదన్న భావం అందులో లేదు. కప్పడం ఒక్కటే అయినా, దిష్టికి కప్పడం వేరు, సిగ్గుకు కప్పడం వేరు. మొదటి దానిలో తప్పు చూచేవాని కంటిది. రెండవ దానిలో తప్పు తల్లిది అయిపోతుంది.

ఇక శ్రమ సంగతి. తెలంగాణలో పాలిచ్చే తల్లికి అడ్డుపడినది ఊరి సిగ్గు కాదు, దొర గడీ. వెట్టిచాకిరీ కాలంలో బాలింతలను సైతం పొలాలకు తోలుకుపోయేవారు. బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో వేసి నాటు వేస్తున్న తల్లి, పాలిచ్చి వస్తానని అడిగితే, పనికి ఎగ్గొట్టే సాకు అని అనుమానించి, నిజంగా పాలున్నవో లేవో మోదుగు దొప్పలో పిండి చూపించమన్నారని తెలంగాణ పల్లెలలో తరతరాలుగా చెప్పుకొనే మాట. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటపు జ్ఞాపకాలలో ఈ అవమానం మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. నలుగురి ఎదుట పాలివ్వడం అవమానం అని ఆ తల్లులు ఎన్నడూ అనుకొనలేదు. నలుగురి ఎదుట పిండి చూపవలసి రావడం అవమానం. బిడ్డ అక్కడ ఏడుస్తుండగా ఇక్కడ పాలు దొప్పలో పడడం అవమానం. బహిరంగంగా చన్ను కనబడడం ఎవరి ఇష్టంతో జరిగింది, ఎవరి కోసం జరిగింది అన్నదే ఇందులోని మర్మం.

ఆ వ్యవస్థ ఒక్కనాటితో పోలేదు. వెట్టిని నిర్మూలించే కేంద్ర చట్టం 1976లో వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర, అదే సంవత్సరం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం మా తరం వారికి తెలిసిన చరిత్రే. ఆ ఉద్యమాలు కూలిరేట్ల గురించి, వెట్టి గురించి, భూమి గురించి అని వ్రాస్తారు. పొలం గట్టున కూర్చుండి బిడ్డకు కడుపునిండా పాలిచ్చే తీరికను సంపాదించుకోవడం కూడా వాటిలో భాగమని నేను అంటాను.

చట్టాలు కూడా దీనిని గుర్తించాయి. అయితే ఎవరి విషయంలో అన్నది చూడాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కర్మాగారాలలో శిశుసంరక్షణ గది పెట్టమన్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇమ్మన్నది. ఇవి జీతాల పట్టీలో పేరున్నవారికి. వరిమడిలో వంగిన తల్లికి, ఇంటి అరుగుమీద బీడీలు చుట్టే తల్లికి ఆ విరామం ఎవరిస్తారు? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం, ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వారిని చూచుకొనడానికి ఒక మనిషిని పెట్టమన్నప్పుడు గాని, పొలం పని చేసే స్త్రీ చంటిబిడ్డ చట్టం కంటికి కనబడలేదు.

ఈలోగా పల్లె పట్నానికి కదిలింది, దుస్తులు మారినవి. కుట్టించిన జాకెట్లు, వెనుక హుక్కులు, పంజాబీ డ్రెస్సులు వచ్చాయి. ఇందులో నిందించవలసినది ఏమీ లేదు. పనికి, ప్రయాణానికి అవి అనుకూలం. కానీ తల్లితో పాటు నడిచే తెర ఒకటి పోయింది. ఐదు గజాల చీరె కొంగు చేసిన పనిని ఇప్పుడు ప్రభుత్వం నాలుగు గోడలు కట్టి చేయవలసి వస్తున్నది. ప్రసవం కూడా ఇంటి గది నుండి ఆసుపత్రికి మారింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. ఇది మేలే. అయితే కరీంనగర్ జిల్లాలో కాన్పులలో 82.4 శాతం కోతకాన్పులు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు రాష్ట్రంలో సుమారు 37 శాతమే. ముర్రుపాలు పిండి పారబోసే పాత మూఢాచారం తగ్గిందనుకొనేలోపు కొత్త కారణాలు వచ్చి పడినవి. నేటి తల్లికి మొదటి బహిరంగ స్థలం ఆసుపత్రి వార్డే. చూడవచ్చిన బంధువుల నడుమ, కుట్ల నొప్పితో, బిడ్డను ఎలా పట్టుకోవాలో తెలియక సంకోచించే ఆ పిల్లకు డబ్బాపాలు సులువుగా తోస్తాయి. ఆ డబ్బాల ప్రకటనలను నిషేధించే చట్టం 1992లోనే వచ్చినా, సంకోచమే వాటికి పెద్ద ప్రకటన.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. చంటిపిల్లలతో తల్లుల రాకపోకలు పెరిగాయి. 2024 జూన్‌లో కరీంనగర్ బస్‌స్టేషన్‌లో జరిగిన సంఘటన పత్రికలలో వచ్చింది. ఒడిశా నుండి వలస వచ్చిన ఒక కూలీ తల్లికి బస్‌స్టేషన్‌లోనే నొప్పులు మొదలైతే, ఆర్టీసీ మహిళా సిబ్బంది చీరెలు అడ్డుపట్టి కాన్పు చేశారు. ఆడబిడ్డ పుట్టింది. సంస్థ ఆ బిడ్డకు జీవితకాలం ఉచిత బస్సు పాసు ప్రకటించింది. కాన్పు వేరు, పాలివ్వడం వేరు అనవచ్చు. కానీ అవసరం వచ్చిన క్షణంలో ఆ స్త్రీలకు తోచినది చీరెనే. కప్పడంలో గౌరవం ఉన్నది, కప్పినవారిలో నింద లేదు. నేను పైన చెప్పిన పాత సంప్రదాయం ఇంకా బ్రతికే ఉన్నదనడానికి ఇంతకన్న నిదర్శనం వద్దు.

న్యాయస్థానాల మాట కూడా చెప్పి ముగిస్తాను. 2018లో కేరళలో "గృహలక్ష్మి" పత్రిక ముఖచిత్రంగా పాలిచ్చే స్త్రీ బొమ్మ వేస్తే అశ్లీలమని వ్యాజ్యం నడిచింది. రవివర్మ చిత్రాలను చూచే కళ్ళతోనే దానినీ చూచామంటూ ఆ హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టులో జస్టిస్ నాగరత్న, జస్టిస్ వరాలే ధర్మాసనం, బహిరంగ స్థలాలలో పాలిచ్చే గదులు, శిశుసంరక్షణ గదులు ఏర్పాటు చేయాలన్న కేంద్రం సూచనలను రాష్ట్రాలు అమలుపరచాలని చెప్పింది. అంతటితో ఆగక, బహిరంగంగా పాలిచ్చే తల్లిని చిన్నచూపు చూడరాదని, స్త్రీల గౌరవానికి భంగకరమైన ఆచారాలను విడనాడడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం పౌరుల విధి అని గుర్తుచేసింది.

ఈ రెండవ మాటే నాకు ముఖ్యంగా తోస్తుంది. గది కావాలి, ఆ గదికి తలుపు, గడియ, ఫ్యాను ఉండాలి, తాళంచెవి ఎవరి దగ్గరున్నదో వెదుక్కోవలసిన పని ఉండరాదు. కానీ గది కట్టాము గనుక పాలివ్వడం ఇక గదిలోనే జరగాలి అని నియమం పెడితే, దొర గడీ చేసిన పనినే మర్యాదగా మళ్ళీ చేసినట్లవుతుంది. గది తల్లికి వెసులుబాటు కావాలి, హద్దు కాకూడదు. వేములవాడ జాతరలో, పెద్దపల్లి రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఇటుక బట్టీల పక్కన గది ఉండదు. అక్కడ బిడ్డ ఆకలికి కావలసినది మన వంతు మర్యాద మాత్రమే. చూపు పక్కకు తిప్పుకొని, కూర్చునేందుకు కొంచెం చోటిచ్చి, మన పని మనం చూచుకొంటే చాలు. మన తాతముత్తాతలు ఏ శాసనమూ లేకుండానే చేసిన పని ఇది.