జీలుగు కల్లు – చెట్టుపన్ను

ద్రాక్షమద్యమనగానే మనకు ఫ్రాన్సు దేశము జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండు చలిదేశము. అయినను 1086వ సంవత్సరమున విలియము రాజు వ్రాయించిన భూముల లెక్కలో నలువదికి పైగా ద్రాక్షతోటలు పేర్కొనబడినవి. నేడచ్చట ‘బాకస్’ అను అంతగా పేరు లేని తెల్లద్రాక్షనుండి కూడ మద్యము తీయుచున్నారు. ఆ జాతిని 1933లో జర్మనీలో సంకరముచేసి పుట్టించిరి. దానిని కొన వచ్చినవాడు ఏ జాతి ద్రాక్ష, ఏ యూరి తోట, ఏ యేటి పంట యని అడిగి, వాసన చూచి, ఒక గుక్క నాలుకపై నిలిపి, పిదప వెల మాట యెత్తును.

మన పార్వతీపురము, సీతంపేట మన్యములలో కూడ పేరు మైదానము దాటని తెల్లని పానీయమొకటి కలదు. అది జీలుగు కల్లు. దానిని కొనువాడు అడుగవలసినవి రెండే: ఏ చెట్టుది? ఎప్పుడు దింపినది? ఈ రెండవ ప్రశ్నలోనే దాని చరిత్ర యంతయు ఇమిడియున్నది.

జీలుగు తాటి, ఈత, కొబ్బరి చెట్ల కుటుంబములోనిది. ఆకు చేపతోకవలె నుండును. పండు గుజ్జు తగిలిన చర్మము మండును. అందుచేతనే లిన్నేయసు పండితుడు 1753లో దీనికి మంట పుట్టించునది యను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. చెట్టు పెరిగి పెద్దదైన పిమ్మట గెలలు పైనుండి క్రిందికి వరుసగా కొన్నియేండ్లు వేయును. కడపటి గెలతో చెట్టు ఆయువు తీరును. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు వైద్యుడు, మేలైన చెట్టు వేసవిలో దినమునకు నూరు పైంట్ల కల్లు నిచ్చునని తాను వినినట్లు వ్రాసెను. ముదిరిన మ్రాని దవ్వ మేలైన సగ్గుబియ్యముతో సమానమనియు ఆతడు చెప్పియున్నాడు.

గెలను కోసి కుండ కట్టినప్పుడు కారునది తియ్యని రసమే. గాలిలోను కుండలోను ఉన్న సూక్ష్మజీవులు ఆ తీపిని కొలది గంటలలోనే మద్యముగా మార్చును. ఉదయము తీపి, మధ్యాహ్నము ఘాటు, మరునాటికి పులుపు. ద్రాక్షమద్యము సీసాలో ఏండ్ల తరబడి నిలుచును, ఓడలెక్కి దేశములు తిరుగును. జీలుగు కల్లు ఒక దినము కూడ నిలువదు, కొండ దిగి రాజాలదు. కావున దానిపై పన్ను వేయదలచిన ప్రభుత్వమునకు రేవులో గాని అంగడిలో గాని అది చిక్కదు. చెట్టు దగ్గఱకే పోవలెను. అచ్చటనే కలహము పుట్టినది.

గోదావరి మన్యములోని రంపలో ఆబ్కారీ నిబంధనల పేరిట, కొండవారు తమ యింటికొఱకు కల్లు గీచుకొనుట కూడ నిషేధింపబడెను. కల్లు రాబడి మైదానపు గుత్తదారుల చేతికి పోయెను. వారు ‘చిగురుపన్ను’ పేర పీడించుచుండగా మన్సబుదారు తన వంతు పన్ను కూడ అడిగెను. వర్తకులు అప్పుల క్రింద పశువులను తోలుకొనిపోవుటయు దీనికి తోడయ్యెను. 1879 మార్చిలో రంప తిరుగబడెను. ఏప్రిలులో ఆ మంట విశాఖ జిల్లా గొలుగొండ కొండల కెగబ్రాకి, జులై నాటికి భద్రాచలము సీమలోని రేకపల్లికి చేరెను. నాయకులలో నొకడగు చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో చంపబడెను. సైన్యములు వచ్చి తిరుగుబాటు నణచెను గాని, పన్నే దానికి ముఖ్యకారణమని పాలకులే ఒప్పుకొనవలసి వచ్చెను.

పిమ్మట 1886లో మద్రాసు ఆబ్కారీ శాసనము వచ్చెను. మైదానములలో గీచెడి ప్రతి చెట్టునకు పన్ను కట్టు పద్ధతి క్రమముగా వ్యాపించెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభించెను. 1948 అక్టోబరు 2వ తేదీన అది మద్రాసు రాష్ట్రమంతటికిని విస్తరించెను. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశములో నిషేధము సడలెను. దూబగుంట స్త్రీల ఉద్యమము పిమ్మట 1993లో సారాయి, 1995లో మద్యము నిషేధింపబడెను. 1997లో ఆ కట్టు మరల సడలెను.

ఈ రాకపోకలలో ఒక సంగతి మఱవరాదు. త్రాగుడు సంసారములను కూల్చుననుట మనమందఱము ఎఱిగినదే. అందులో వాదము లేదు. కాని కల్లు మంచిదా చెడ్డదా అనునది ఒక ప్రశ్న. చెట్టు ఎవరిది అనునది వేఱొక ప్రశ్న. మనకు పొరుగుననున్న ఒడిస్సా కొండల సవరలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథమున, పితృదేవతలకు ఈ కల్లు ధారపోయుట వారి మతములో భాగమని చూపియున్నాడు. వారికి జీలుగు కేవలము మత్తు కాదు. ఆస్తి, ఆచారము, కఱవునాటి అన్నము. మొదటి ప్రశ్న పేరు చెప్పి రెండవదానిని గుత్తదారునికి అప్పగించుటచేతనే 1879 వచ్చినది.

సింహళములో ఈ చెట్టునే ‘కితుల్’ అందురు. అచ్చట దాని రసమును కాచి పానకము, బెల్లము చేసి అమ్ముచున్నారు. కుండ లోపల సున్నము పూసినచో రసము త్వరగా పులియక నీరాగా నిలుచును. నీరాను కాచిన బెల్లమగును. బెల్లము కొండ దిగును, సంతకు వచ్చును, నెలలు నిలుచును. కల్లునకు లేని ప్రయాణము బెల్లమునకు కలదు.

కనుక కొండదాపు గ్రామముల పెద్దలకు నా మనవి యిది. దవ్వకొఱకో, పోడుకొఱకో జీలుగును నఱకునప్పుడు, అది గెల వేయుటకు పది పదునైదేండ్లు పట్టునని తలచుడు. ఒక చెట్టు పడినచోట రెండు మొక్కలు నాటింపుడు. ఆ రసము కల్లు కావలెనా బెల్లము కావలెనా యని తేల్చు నధికారము చెట్టు పెంచిన వానికే యుండనిండు.