నల్లరాతి మదనికలు, నిలువెత్తు బెల్లం

పెళ్లి సంబంధాల కోసం అమ్మాయి బయోడేటా రాసేటప్పుడు మన ఇళ్లల్లో ఒక గడి దగ్గర అందరూ ఆగుతారు. చదువు, ఎత్తు, గోత్రం గబగబా నింపేస్తారు. 'రంగు' దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి. "చామనచాయ అని పెడదామా?" "వద్దొద్దు, గోధుమరంగు అని రాయి." పక్కన కూర్చున్న పిల్ల ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచుకుంటుంది. అలా తల వంచుకున్న పిల్లల్ని చుట్టాలిళ్లల్లో చాలామందినే చూశాను. మన వరంగల్ వైపు ఎనిమిది వందల ఏళ్లుగా అందానికి పేరు మోసిన ఆడవాళ్లు నల్లగానే ఉన్నారని వాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

రామప్ప గుడి మదనికల గురించే అంటున్నాను. పాలంపేటలోని ఆ గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక దేశమంతా వెతుక్కుంటూ వస్తోంది. ఇప్పుడది ములుగు జిల్లా, నా నోటికి మాత్రం ఇంకా వరంగల్ జిల్లానే వస్తుంది. గుడి గోడలు ఎక్కువగా ఎర్రని ఇసుకరాయి. చూరు కింద వాలుగా నిలిచిన పన్నెండు మంది మదనికలకు మాత్రం నల్లటి డోలరైట్ రాయి వాడారు. ఒకామె ఒంటికి పాములు చుట్టుకుని ఉంటుంది. ఇంకొకామె కాళ్లకు ఎత్తు చెప్పులు! మా ఆడవాళ్లం ఎప్పుడు వెళ్లినా ఆ చెప్పుల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాం. ఎండ పడినప్పుడు వాళ్ల భుజాలు నూనె రాసినట్టు మెరుస్తాయి.

నల్లరాయిని ఎంచుకున్నది రంగు కోసమే అని నేననను. గట్టి రాయి కాబట్టి సన్నని నగిషీకి, నునుపుకు ఆగుతుంది. కానీ అంత దూరం వచ్చి, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూసిన వాళ్లలో "అయ్యో, నల్లగా ఉన్నారే" అన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. అలాగని ఆ శిల్పాల్ని చూసి మురిసిపోయి ఊరుకోను. ఆ నడుము చూశారా? ఇద్దరు పిల్లల్ని కన్న మనిషికి అటువంటి నడుము ఏ రాజుల కాలంలోనూ ఉండి ఉండదు. ఆ రోజు పూలబుట్ట పట్టుకుని గుడికి వచ్చిన ఆడవాళ్లు కూడా మనలాగే ఒకసారి పైకి, ఒకసారి తమ ఒంటికేసి చూసుకునే ఉంటారు.

తెల్లతోలు మోజు దొరలు వచ్చాకే పుట్టిందని కొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను, పసిమి వన్నెను పొగడడం మన పాత కావ్యాల్లోనూ ఉంది. అయితే ద్రౌపదికి కృష్ణ అని పేరు పెట్టిందీ ఆ నల్లని రంగును చూసే. అంటే రెండింటికీ చోటుండేది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. బయోడేటాలో గడి మాత్రం అలాగే ఉంది.

ఇక రుద్రమదేవి సంగతి వేరు. ఆమెను అడ్డుకున్నది రంగు కాదు, ఆడ ఒళ్లే. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురికి గద్దె అప్పజెప్పాలంటే ఆమెను కొడుకని పిలవాల్సి వచ్చింది. శాసనాల్లో చాలాచోట్ల ఆమె రుద్రదేవ మహారాజే. మగ దుస్తుల్లోనే కొలువు తీరేదని చెబుతారు. ఇంట్లో మాత్రం ఆమె చాళుక్య వీరభద్రుడి భార్య, ముమ్మడమ్మకు తల్లి. తర్వాత రాజైన ప్రతాపరుద్రుడు ఆ ముమ్మడమ్మ కొడుకే. పొద్దున కొలువులో మహారాజు, సాయంత్రం మనవడికి అమ్మమ్మ. ఈ రెండింటిలో ఏది తాను అని ఆమెకు ఎప్పుడైనా అనిపించిందో లేదో! ఇప్పటికీ గట్టిగా మాట్లాడే ఆడపిల్లను "మగరాయుడు" అంటారు. అది మెచ్చుకోలని అనుకునేవాళ్లున్నారు. నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఆ శాసనాల్లోని పేరే గుర్తొస్తుంది.

ఆమె గురించి బయటివాడు రాసిన మాట మాత్రం నాకు చాలా ఇష్టం. ఇటలీ నుంచి వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రేవున్న ఈ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి రాశాడు. రాజు కూతుర్ని రాజు భార్య అనుకుని పొరబడ్డాడు గానీ, న్యాయం, శాంతి కోరే మనిషని, ఏ రాజునూ ప్రేమించనంతగా ప్రజలు ఆమెను ప్రేమించారని చెప్పాడు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్ననిదని మురిసిపోయాడు. బట్ట నేతను అంత వర్ణించినవాడు రాణి రూపం గురించి ఒక్క ముక్క రాయలేదు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది. అప్పటికి ఆమె పెద్ద వయసు మనిషి.

రామప్ప ఉన్న ములుగు జిల్లాలోనే, అడవిలో, మేడారం ఉంది. అక్కడి అమ్మవార్లకు అసలు శిల్పమే లేదు. కాకతీయుల సైన్యంతో పోరాడిన సమ్మక్క గాయాలతో చిలుకలగుట్ట మీదికి వెళ్లి కనబడకుండా పోయిందని, వెతికిన వాళ్లకు కుంకుమ భరిణె మాత్రమే దొరికిందని కోయవాళ్ల కథ. ఆమె కళ్లు ఎలా ఉండేవో, నడుమెంతో ఎవరూ చెప్పరు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సారలమ్మను కన్నెపల్లి నుంచి, సమ్మక్కను గుట్ట మీది నుంచి గద్దెలకు తెస్తారు. ముఖం లేని ఆ తల్లుల కోసం లక్షల మంది బండ్లు కట్టుకుని, బస్సులెక్కి వస్తారు.

అక్కడి మొక్కు నిలువెత్తు బంగారం. బంగారమంటే బెల్లం, మొక్కిన మనిషి ఎంత తూగితే అంత. ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌ను మంచం కిందికి తోసేసే ఆడవాళ్లు కూడా మొక్కు రోజు కాటా మీద నవ్వుతూ కూర్చుంటారు. మా వీధిలో ఒకావిడ డెబ్బై ఎనిమిది కిలోలు తూగింది. "ఇంకోసారి సరిగ్గా చూడు బిడ్డా, తల్లికి తక్కువ కావద్దు" అని కొట్టువాడితో మళ్లీ తూయించుకుంది. అన్ని కిలోల బెల్లం దిమ్మెలూ కట్టించి, తలా ఒకటి అందుకుని, వాళ్ల ఇంటిల్లిపాదీ గద్దెల వైపు నడిచారు.