పాట లేని సినిమా: మణిశర్మ నేపథ్య సంగీతం

తెలుగు సినిమా సంగీత చరిత్రను మనం ఇంతవరకు ఎక్కువగా పాటల ఆధారంగానే రాసుకున్నాం. పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, రేడియో ప్రసారాలు చరిత్రకారునికి సులభంగా దొరుకుతాయి. ఆధారాలు ఎటుంటే చరిత్ర అటే ఒరుగుతుంది. మాటల వెనుక, మౌనం వెనుక వినిపించే నేపథ్య సంగీతం మాత్రం సినిమా ప్రింటులోనే ఉంటుంది. దాన్ని విడిగా దాచుకున్నవారు అరుదు. భయానక చిత్రాల చరిత్రలో ఈ లోటు మరింత పెద్దది.

1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ని ఉదాహరణగా తీసుకుందాం. రేవతి ప్రధాన పాత్ర ధరించిన ఈ చిత్రం హిందీలో ‘రాత్’గా వచ్చింది. ఇందులో పాటలు లేవు. సంగీతం సమకూర్చిన మణిశర్మకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. 1964లో మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి వై.ఎన్. శర్మ వయొలిన్ విద్వాంసుడు. మద్రాసులో పెరిగిన మణిశర్మ పేరున్న సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించారు.

ఆ అనుభవం ఎందుకు ముఖ్యమో విద్యార్థులు గమనించాలి. పాట సాధారణంగా చిత్రీకరణకు ముందే తయారవుతుంది. నటులు దానికి అనుగుణంగా పెదవులు కదుపుతారు. రీరికార్డింగ్ అందుకు తలకిందులు. కూర్పు పూర్తయిన సినిమాను రీలు రీలుగా చూస్తూ, ఏ క్షణంలో ధ్వని మొదలవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించాలి. సింథసైజరు వచ్చాక పెద్ద వాద్యబృందం లేకుండానే ఒక్క వాదకుడు ఎన్నో ధ్వనులు పలికించగలిగాడు. ‘రాత్రి’లో కంటికి కనిపించని దేనిదో చూపులాగా కెమెరా నేలబారున కదులుతుంది. తెరమీద దెయ్యం లేదు. ఉన్నట్టు నమ్మించే భారం ధ్వనిదే.

ఈ విద్య మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. మా అంతర్వేదిలో నరసింహస్వామి కథ వినని బిడ్డ ఉండదు. ప్రహ్లాద చరిత్ర చెప్పే హరిదాసు స్తంభం పగిలే ఘట్టం రాగానే మృదంగాన్ని ఉద్ధృతం చేయించి, ఠక్కున ఆపించేవారు. స్వామి వచ్చేది ఆ నిశ్శబ్దంలోంచే! మన తొలి పూర్తి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ఈ కథే కావడం గుర్తుంచుకోదగినది.

హాలీవుడ్‌లో ఇటువంటి పనికి బెర్నార్డ్ హెర్మన్‌ను (1911–1975) పెద్దగా చెబుతారు. 1951లో గ్రహాంతరవాసి కథకు చేయి తాకకుండానే పలికే థెరమిన్ వాద్యాన్ని వాడారు. 1960లో ‘సైకో’కు కేవలం తంత్రీవాద్యాలతో సంగీతం కట్టారు. ఆయన గురించి గ్రంథాలున్నాయి, స్వరప్రతులు అచ్చయ్యాయి.

మన దగ్గర పరిస్థితి వేరు. ‘రాత్రి’కి ఏడాది ముందు వచ్చిన ‘ఆదిత్య 369’ కాలయంత్రం కథ. ఇళయరాజా దానికి కూర్చిన పాటలు నేటికీ వింటున్నాం. యంత్రం వెనుక వినిపించే సంగీతం గురించి అడిగేవారు తక్కువ. మణిశర్మ పేరు ఇంటింటికీ చేరింది కూడా 1998లో, ‘బావగారూ బాగున్నారా’, ‘చూడాలని వుంది’ పాటలతోనే. నా దృష్టిలో ఆయన చరిత్రను 1992 నుంచి రాయాలి. రీరికార్డింగ్ నిపుణుడిగా ఆయనకున్న పేరును పరిశ్రమ మాత్రం మరువలేదు. 2013లో ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ పాటలు మిక్కీ జె. మేయర్‌వి, నేపథ్య సంగీతం మణిశర్మది.