వెలవెల

‘జనం లేక సంత వెలవెలబోయింది’ అని పత్రికలు రాస్తుంటాయి. పాలిపోవడానికి సంతకు ముఖమేది అని ఎవరూ అడగరు. మాట అంతగా నలిగిపోయింది.

గలగల, కిలకిలల వరసలో చేర్చి వెలవెలను కూడా ధ్వన్యనుకరణం అనుకోవడం తేలిక. కానీ ఇందులో చప్పుడు లేదు, రంగు ఉంది. తెలుపు, కాంతి అనే అర్థాలున్న ‘వెళ్’ అనే పాత ద్రావిడ ధాతువు దీని పుట్టిల్లు. తెల్ల ఉల్లి వెల్లుల్లి. తెల్లని నెల, అంటే చంద్రుడు, వెన్నెల. గోడకు వేసే వెల్ల, వెండి, వెలుగు అన్నీ ఆ ఇంటివే. కన్నడంలో వకారం బకారమై బిళి (తెలుపు), బెళ్ళి (వెండి), బెళకు (వెలుగు) అయ్యాయి. తమిళులకు వెళ్ళై తెలుపు, వెళ్ళి వెండి.

ఇంత వెలుగున్న కుటుంబంలో ఈ ఒక్క మాటకే దిగులెందుకు? దాని వెంట వచ్చే ‘పోవు’ వల్లనే అని నా నమ్మకం. సున్నం వేస్తే గోడకు తెలుపు వచ్చి చేరుతుంది. ముఖానికి అలా రాదు. నెత్తురు తగ్గాక మిగిలేదే ఆ తెలుపు. ‘తెల్ల’కూ ఇదే గతి పట్టింది: తెల్లవారితే వెలుగు, తెల్లబోతే నివ్వెరపాటు. అయితే తెల్లబోయినవాడు కాసేపటికి తేరుకుంటాడు. జ్వరం పడి లేచినవాడి వెలవెల అంత త్వరగా పోదు. కింది రెప్ప వంచి చూస్తే లోపల ఎరుపు కనబడదు, గోళ్ల కిందా కనబడదు. దీన్నే ఆయుర్వేదం పాండురోగం అంది. ఆ పాండువును అమరకోశం తెలుపు పేర్లలో కలపకుండా విడిగా చెప్పింది. అది పసుపు కలిసిన తెలుపు. వ్యాసుణ్ణి చూసి అంబాలిక పాలిపోవడం వల్లే కొడుకు పాండురాజయ్యాడని భారతం. మన వెలవెలలో ఆ పసుపు ఛాయ లేదు. ఉన్న రంగు తగ్గడమే అందులో కనిపిస్తుంది.

అందుకే అది ముఖం దాటి ఊళ్లోకి నడిచింది. ముఖానికి నెత్తురెలాగో సంతకు జనం అలాగ. పెళ్లివారితో కళకళలాడిన ఇల్లు, వాళ్లు బండెక్కగానే వెలవెలబోతుంది. ఒకదానికి తోడు ‘ఆడు’, రెండోదానికి ‘పోవు’. వెలవెలబోవాలంటే ముందు కళ ఉండి తీరాలి. ఊరవతల బంజరు ఖాళీగా ఉందంటాం. సెలవుల్లో బడి వెలవెలబోయిందంటాం.