అలసటకు పెట్టిన పేర్లు

స్త్రీల అలసటకు వైద్యం పెట్టిన పేర్లు వెతుకుతుంటే నాకు ‘న్యూరస్తీనియా’ ఎదురైంది. 1869లో అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన ‘నరాల బలహీనత’ దానికి దగ్గరి చుట్టమే. వెయిర్ మిచెల్ దానికి పడక విశ్రాంతి విధించాడు. ఆ చికిత్సలో కలం పట్టవద్దనిపించుకున్న షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో అచ్చయిన కథతో నిలదీసింది.

మన దేశంలో 1924లో కువలయానంద లోనావాలాలో కైవల్యధామ స్థాపించి యోగాన్ని ప్రయోగశాలలో పరీక్షించాడు. యోగచికిత్సకు అదొక మూలం. శవాసనం, నిదానమైన శ్వాస ఆందోళనను కొంత తగ్గించవచ్చు. కానీ గిల్మన్‌కు పని మాన్పించారు. గురజాల మిరపచేలల్లో నడుము వంచిన స్త్రీకి పని ఆగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. ముందు రక్తపరీక్ష, కడుపునిండా తిండి, ఇంటిపనిలో మగవాళ్ల వాటా కావాలి. అవి లేకుండా చెప్పే యోగా ఆమెకు మరో చాకిరీ.