స్టాప్‌వాచ్ నుంచి స్పీడ్ కెమెరా దాకా

1896 జనవరిలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, పాడక్‌వుడ్ అనే ఊళ్ళోంచి వాల్టర్ ఆర్నాల్డ్ తన మోటారు బండిని గంటకు 8 మైళ్ళ వేగంతో నడిపాడు. ఊరి లోపల అప్పటి పరిమితి 2 మైళ్ళు. ఒక కానిస్టేబుల్ సైకిలెక్కి, చాలా దూరం తరిమి పట్టుకున్నాడు. వేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు.

ఆ కానిస్టేబుల్ చూడనట్టు ఊరుకోవచ్చు, బండి ఆపి మందలించి పంపొచ్చు, కేసు పెట్టొచ్చు. ఆయన కేసు పెట్టాడు. ఈ మూడింట్లో ఏది తగునో అక్కడికక్కడ తేల్చుకునే అధికారాన్నే విచక్షణ అంటున్నాను. తరవాతి కాలంలో అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందన్నది బ్రిటన్ రోడ్ల చరిత్రలో తేటగా కనిపిస్తుంది. మన మోటారు చట్టాలకు మూలం కూడా అక్కడే ఉంది.

1903 చట్టం పరిమితిని 20 మైళ్ళకు పెంచి, ప్రతి కారుకూ నంబరు పలక తప్పనిసరి చేసింది. అదే చట్టంలో ఒక మంచి కట్టుబాటు ఉంది: ఫలానా బండి వేగంగా వెళ్ళిందని ఒక్క సాక్షి అనుకున్నంత మాత్రాన శిక్ష వేయకూడదు. దాంతో పోలీసులు రోడ్డు మీద కొంత దూరం కొలిచి పెట్టుకుని, స్టాప్‌వాచీలతో కంచెల చాటున కాపు కాయడం మొదలుపెట్టారు. ఆనాడు కార్లున్నవాళ్ళు కలవారు. కానిస్టేబుల్ తమను నేరస్థుల్లా కోర్టుకు లాగడం వాళ్ళకు కొత్త, పెద్ద అవమానం కూడా. 1905లో పుట్టిన ఆటోమొబైల్ అసోసియేషన్ మొదటి పనుల్లో ఒకటి, సైకిళ్ళ మీద మనుషుల్ని పంపి ముందు పోలీసు ఉచ్చు ఉందని హెచ్చరించడం. అలా హెచ్చరించడం పోలీసు విధికి అడ్డుపడటమేనని 1910లో కోర్టు తీర్పు చెప్పాక, సంఘం దారి మార్చింది. దాని ఉద్యోగి ఎదురైన సభ్యుడికి సెల్యూట్ చేస్తాడు. చేయలేదంటే ముందేదో ఉందని అర్థం. చాటున దాగిన పోలీసుకు ప్రజలు నేర్చుకున్న జవాబు అది. చట్టం దొంగచాటుగా వస్తే జనం దాన్నుంచి తప్పించుకోవడమే నేర్చుకుంటారు, వేగం తగ్గించడం నేర్చుకోరు.

1930లో కార్లకు వేగ పరిమితినే ఎత్తేశారు. 1934లో రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. మరుసటి ఏడాది జనావాసాల్లో 30 మైళ్ళ పరిమితి వచ్చింది.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఘట్టం 1938 నాటిది. లాంకషైర్‌లోనూ మరికొన్ని ప్రాంతాల్లోనూ ప్రభుత్వ ఖర్చుతో గస్తీ బండ్లు పెంచి ఒక ప్రయోగం చేశారు. చాటుమాటు లేదు, పోలీసులు అందరికీ కనపడేలా తిరిగేవారు. చిన్న తప్పు చేసినవాణ్ని ఆపి, ఏం తప్పు జరిగిందో, ఎందుకు ప్రమాదమో మర్యాదగా చెప్పి పంపేవారు. వాహనదారుల్నే కాదు, నడిచేవాళ్ళనీ సైకిళ్ళ వాళ్ళనీ కూడా. పత్రికలు వాళ్ళకు మర్యాద పోలీసులని పేరు పెట్టాయి. లాంకషైర్‌లో ప్రమాదాలు తగ్గాయన్నారు. యుద్ధం వచ్చి ఆ ప్రయోగం ఆగిపోయింది. తరవాత అంత డబ్బూ అంత మంది మనుషులూ దానికి మళ్ళీ దొరకలేదు.

అయితే మర్యాద అందరికీ ఒకేలా అందుతుందా? ఎవరిని మందలించి వదలాలో తేల్చేటప్పుడు కారు ఖరీదు, మాట తీరు, ముఖం రంగు పోలీసు కంట పడకుండా ఉండవు. మన దగ్గర ‘నేను ఫలానా వాళ్ళ తాలూకు’ అన్న ఫోను, చేతిలో పెట్టే నోటు కూడా ఆ లెక్కలో చేరతాయి. విచక్షణను నెత్తిన పెట్టుకునేవాళ్ళు దీన్ని దాటవేయకూడదు. ఇవేవీ చూడని కెమెరాకు బలమైన వాదన ఇక్కడే ఉంది.

ఆ కెమెరా వెనక డచ్చి రేసు డ్రైవర్ మారిస్ గాట్సోనైడ్స్ ఉన్నాడు. 1953లో మాంటెకార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తన వేగం ఇంకా పెంచుకోవడానికి కొలత పరికరం తయారుచేసుకున్నాడు, దాని మీదే కంపెనీ నిలిచింది. 1991లో బ్రిటన్ చట్టం మార్చి కెమెరా ఫొటోను సాక్ష్యంగా ఒప్పుకుంది. మరుసటి ఏడాది పశ్చిమ లండన్‌లో కెమెరాలు పని మొదలుపెట్టాయి. బండి నడిపిందెవరో యజమానే చెప్పాలి, చెప్పకపోతే అదీ నేరమే. తన మీద తనచేతే సాక్ష్యం చెప్పించడం న్యాయమా అన్న ప్రశ్న యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2007లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది.

కెమెరాకు విచక్షణ లేదంటారు. నాకు అలా అనిపించదు. 30 మైళ్ళ పరిమితి ఉన్నచోట సాధారణంగా 35 దగ్గరే చర్య మొదలుపెట్టాలని బ్రిటన్ పోలీసు అధికారుల మార్గదర్శకం. రోడ్ల పక్కన కెమెరాల కోసం నిలిపిన పెట్టెలెన్నో ఉండేవి, వాటిలో చాలావాటిలో కెమెరా ఉండేది కాదు. ఏ పెట్టెలో ఎప్పుడు పెట్టాలో ఎవరో నిర్ణయించేవారు. 2000లో ఎనిమిది ప్రాంతాల్లో జరిమానాల సొమ్ముతోనే కెమెరాల ఖర్చు భరించే పద్ధతి తెచ్చారు. ఇది జేబులు కొట్టే యంత్రమని జనం మండిపడ్డారు. 2001లో కెమెరాలకు పసుపు రంగు వేయాలని నిర్ణయించారు. కంచె చాటు పోలీసు మీద వచ్చిన ఫిర్యాదుకే తొంభయ్యేళ్ళ తరవాత దొరికిన జవాబు ఇది. 2007లో ఆ డబ్బు ముడి తెంచేశారు.

కెమెరాలతో ప్రాణాలు నిలిచాయి, సందేహం లేదు. కెమెరా ఉన్నచోట్ల చావులూ తీవ్రగాయాలూ 42 శాతం తగ్గాయని 2005 నాటి అధికారిక పరిశీలన. అయితే ప్రమాదాలు బాగా పెరిగిన చోటే కెమెరా పెడతారు, అలాంటి చోట మరుసటేడు సంఖ్య తనంతట తానే కొంత దిగుతుంది. ఆ వాటా తీసేస్తే ఫలితం తగ్గుతుందని ఆ పరిశీలనే ఒప్పుకుంది. తగ్గినా మిగిలింది తక్కువేం కాదు.

మన 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్లో ఆ 1903 నాటి కట్టుబాటు ఇప్పటికీ ఉంది: ఒక్క సాక్షి అంచనా చాలదు, పరికరం కొలిచి ఉండాలి. 2019 సవరణ కారు అతివేగానికి జరిమానాను వెయ్యికీ రెండు వేల రూపాయలకీ మధ్య ఉండేలా పెంచింది, ఎలక్ట్రానిక్ నిఘాకు 136ఎ సెక్షన్ తెచ్చింది. 2021లో వచ్చిన 167ఎ నియమం కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలంది, నోటీసు పదిహేను రోజుల్లో పంపాలంది. హైదరాబాదులో కెమెరా నిఘా ఫోనుకు వచ్చే చలానాగా మారింది. కట్టనివి గుట్టలు పడ్డాక తెలంగాణ ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకు 2022లో 75 శాతం, 2023 చివర 80 శాతం మాఫీ ఇచ్చింది. రోడ్డు పక్కన కానిస్టేబుల్ ఒక్కడికి చూపే కనికరాన్ని సచివాలయం టోకున చూపింది. తొందరపడి పూర్తిగా కట్టినవాడు నష్టపోయాడు. ఏ మలుపులో ఎందుకు వేగం తగ్గించాలో మాత్రం ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

దేశంలో 2022లో రోడ్ల మీద పోయిన 1,68,491 ప్రాణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలోనే రాశారు. ఆ గడి నింపేది కూడా స్టేషన్లోని పోలీసే. రోడ్డు వంపు తప్పయినా, లైటు లేకపోయినా అతివేగమని రాయడం తేలిక.

బ్రిటన్ మాత్రం మాట్లాడే మనిషిని మరో దారిలో వెనక్కి తెచ్చింది. 30 మైళ్ళ చోట 42 దాటనివాళ్ళు సాధారణంగా జరిమానా, లైసెన్సు మీద పాయింట్ల బదులు డబ్బు కట్టి అవగాహన తరగతిలో కూర్చోవచ్చు. అక్కడ బోధకుడు వాళ్ళతో మాట్లాడతాడు, ప్రశ్నలడగనిస్తాడు. తరగతికి వెళ్ళినవాళ్ళు జరిమానా కట్టినవాళ్ళ కంటే తక్కువగా మళ్ళీ పట్టుబడుతున్నారని 2018లో అక్కడి రవాణా శాఖ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. హైదరాబాదు గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో తాగి నడిపినవాళ్ళను కుటుంబ సభ్యులతో సహా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చే పద్ధతి ఉంది. అతివేగం చలానా అందుకున్నవాడికీ అక్కడో కుర్చీ వేయాలి. చలానా ఎక్కువగా పడే చోట్ల కనపడేలా పోలీసును నిలబెట్టాలి, కెమెరా ఎక్కడ ఎందుకు పెట్టారో ఆ వీధివాళ్ళకు కారణం చెప్పాలి.