నాణెం కింద నాణెం

మొన్నామధ్య ఓ మిత్రుడు వాట్సాప్‌లో ఒక పాత రాగి నాణెం ఫోటో పంపాడు. ఓ పక్క మెట్ల మీద నిలబెట్టిన శిలువ, దానికి అటూ ఇటూ అక్షరాలు. ఆ శిలువని అడ్డంగా కోస్తూ ఎవరిదో గడ్డం, సగం మొహం, లీలగా. కింద మనవాడి వ్యాఖ్య: "పాత రోమన్ రాజుల మొహాల మీద శిలువ గుద్దేశారు చూడు. చరిత్రని చెరిపెయ్యడమంటే ఇదే."

వినడానికి బానే ఉంది. కానీ కోడ్ చదవకుండానే బగ్ ఎవరిదో తేల్చేసినట్టుంది నాకు.

ముందు నాణెం గురించి చెప్పుకుందాం. కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని మనం పుస్తకాల్లో బైజాంటైన్ అని చదువుకున్నాం. వాళ్ళు మాత్రం తమని తాము రోమన్లమనే చెప్పుకున్నారు. అక్కడి రాగి నాణెం పేరు ఫాలిస్. 10వ శతాబ్దంలో ఒక బంగారు నాణేనికి 288 ఫాలిస్‌లు. అంటే కూరగాయల బజారు చిల్లరన్నమాట. క్రీస్తు బొమ్మని బంగారు నాణెం మీద 7వ శతాబ్దం చివర్లోనే రెండో జస్టీనియన్ వేయించాడు. జాన్ జిమిస్కీస్ (969-976) కాలం నుంచి రాగి మీదకి కూడా వచ్చింది. చక్రవర్తి బొమ్మా లేదు, పేరూ లేదు. ఓ పక్క క్రీస్తు, రెండో పక్క "ఏసుక్రీస్తు, రాజులకు రాజు" అన్న మాటలు. ఆ తర్వాత డిజైన్లు మారుతూ, 1092లో మొదటి అలెక్సియస్ నాణేల వ్యవస్థని మార్చేదాకా ఇలాంటివి నడిచాయి.

చిక్కెక్కడంటే, పేరు లేదు, తేదీ లేదు. టైమ్‌స్టాంప్ లేని లాగ్ ఫైళ్ళు ఓ గుట్ట పోసి, వరసలో పెట్టమంటే ఎలా ఉంటుంది? సరిగ్గా అదీ పరిస్థితి.

ఇక్కడే మనవాడు తిట్టిపోసిన "చెరిపివేత" పనికొచ్చింది. కొత్త బిళ్ళలు పోతపోసే శ్రమ లేకుండా, టంకశాలవాళ్ళు పాత నాణేన్నే అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు. దెబ్బ సరిగ్గా పడకపోతే పాత బొమ్మ పూర్తిగా పోదు. సి రకం నాణెం కింద బి రకం కనబడిందంటే బి ముందు పుట్టినట్టే, అందులో వాదనకి తావు లేదు. ఇలాంటి జంటలు చాలా దొరికితే మొత్తం వరస తేలుతుంది. మనం కాలేజీలో చదివిన టోపోలాజికల్ సార్టే! 1928లో ఆల్ఫ్రెడ్ బెల్లింగర్ ఈ నాణేల మీద ఓ పుస్తకం రాశాడు. 1954లో మార్గరెట్ థామ్సన్ ఏథెన్స్ అగోరా తవ్వకాల్లో దొరికిన నాణేలతో ఆ వరసని సరిచేసింది. ఎ, బి, సి అన్న రకాల పేర్లు అలా స్థిరపడ్డవే. చక్రవర్తి పేరున్న నాణెం ఒకటి ఈ గొలుసులో తగిలిందంటే కాలానికి ముడి కూడా పడుతుంది. ఒక్క జాగ్రత్త: దీన్నిబట్టి ఏది ముందో తెలుస్తుంది గానీ ఎన్నేళ్ళు ముందో తెలియదు.

మరి పోల్చడమెలా? వెలుతురు పైనుంచి కాకుండా పక్కనుంచి పడేట్టు పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడాలి. లీలగా కనబడేది అదే బొమ్మ కాస్త జరిగి ఉంటే, అది ఒకే అచ్చుతో రెండుసార్లు కొట్టినది. లోపలికి గుంటపడి, అద్దంలోలా తిరగబడి ఉంటే, మధ్యలో నాణెం లేకుండా అచ్చులు ఒకదాన్నొకటి గుద్దుకున్న గుర్తు కావచ్చు. ఒక మూల చిన్న ముద్ర మాత్రమే ఉంటే అది చెల్లుబాటు ముద్ర. ఉబ్బెత్తుగా, వేరే దిక్కున, వేరే డిజైన్ ముక్కలు (అంచున చుక్కల వలయం, సగం అక్షరాలు) కనిపిస్తేనే నాణెం మీద నాణెం. ఆ ముక్కల్ని కాగితం మీద గీసుకుని, తెలిసిన రకాలతో పోల్చుకోవాలి.

అలాగే చూశాను మిత్రుడి ఫోటోని, తలకిందులు చేసి. ఆ గడ్డం వెనక ఓ వలయం ఉంది. వలయంలో శిలువ చేతులున్నాయి. అంటే చెరిగిపోయిన "పాత రోమన్ రాజు" క్రీస్తే! కింద ఎ రకం, పైన బి రకం. క్రీస్తు మొహం మీదే క్రీస్తు శిలువ గుద్దారు. ఇందులో మతద్వేషం ఎక్కడుంది? రాగి ఆదా, పని తొందర, అంతే.

అన్నిసార్లూ ఇంత అమాయకంగా ఉంటుందనను. మన గౌతమీపుత్ర శాతకర్ణి, ఓడిపోయిన నహపానుడి వెండి నాణేల మీద తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో బయటపడ్డ 13 వేల పైచిలుకు నాణేల్లో దాదాపు మూడింట రెండొంతులు అలాంటివే. అక్కడ గెలుపు చాటింపు ఉంది. కానీ ఆ సంగతి చెప్పేది దెబ్బ కాదు, కింద ఎవరున్నారన్నది.

నా బాధల్లా ఒకటే. ఇలాంటి నాణేలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. కొన్నవాళ్ళు యాసిడ్ పెట్టి, బ్లేడుతో గీకి "శుభ్రం" చేస్తే పై బొమ్మ మెరుస్తుంది, కింది సాక్ష్యం పోతుంది. దానికి బ్యాకప్ లేదు. వెయ్యేళ్ళ కింద సుత్తి దెబ్బ చెయ్యలేకపోయిన పని అప్పుడు మనమే చేసినవాళ్ళమవుతాం.

మిత్రుడికి ఇదంతా రాసి పంపాను. "అయితే ఆ ఫార్వర్డ్ డిలీట్ చేసెయ్యనా?" అన్నాడు. వద్దు, దాని కిందే ఇది పెట్టు అన్నాను. రెండూ కనపడనీ.